మైదాన్ మెట్లపై రెండు రంగులు: కలకత్తా ఫుట్‌బాల్ అభిమానుల వైరం, 1980 ఆగస్టు 16

ఫుట్‌బాల్ క్రీడాస్థలం చుట్టూ మెట్లు మెట్లుగా కట్టి, ప్రేక్షకులు నిలబడి చూచుటకు వదలిన భాగాన్ని ఇంగ్లండులో 'టెర్రస్' అంటారు. మన దేశంలో దానికి దగ్గరగా ఉండేది 'గ్యాలరీ'. రెండింటిలోనూ టిక్కెట్టు చౌక. కార్మికులు, విద్యార్థులు, గుమాస్తాలు, రోజు కూలి వదులుకొని వచ్చినవారు అక్కడ చేరేవారు. ఆటకంటె ముందే అక్కడ మరొక ఆట ప్రారంభమయ్యేది. పాటలు, నినాదాలు, ఎదుటి జట్టుపై ఎకసెక్కాలు, రంగు రంగుల జెండాలు, కొన్ని సందర్భాలలో రాళ్లు, అరుదుగానైనా ప్రాణనష్టం.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుండి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలతో బంధుత్వం ఉన్న పాఠకులకు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అనే పేర్లు కొత్తవి కావు. తక్కినవారి కొరకు ఈ వ్యాసంలో ఆ రెండు క్లబ్బుల అభిమానుల చరిత్రను, 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో 16 మంది ప్రాణాలు కోల్పోయిన సంఘటనను, అటువంటివే బ్రిటన్‌లో జరిగిన ప్రమాదాలను వివరిస్తున్నాము. ఈ విషయంపై వ్రాసేవారిలో చాలామంది అభిమానుల ఆవేశాన్ని వర్ణించి అక్కడితో ఆగిపోతారు. ఆవేశం ఉన్నమాట నిజమే. అయితే అరవై ఏళ్లుగా ఉన్న ఆవేశం ఒక్క సాయంత్రం ఎందుకు ప్రాణాంతకమైందో తెలియాలంటే మెట్లను, కంచెలను, టిక్కెట్లు అమ్మిన పద్ధతిని కూడా చూడవలసి ఉంటుంది.

ఘోటీలు, బాంగాల్‌లు

మోహన్ బగాన్ క్లబ్బు 1889లో ఉత్తర కలకత్తాలో ఏర్పడింది. 1911 జూలై 29న ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అనే ఆంగ్ల సైనిక జట్టును ఆ క్లబ్బు 2-1 తేడాతో ఓడించింది. మనవారిలో అధికులు వట్టి కాళ్లతోనే ఆడారు. బూట్లు తొడిగిన సైనికులను చెప్పులు లేని పాదాలు ఓడించాయన్న వార్త దేశమంతటా వ్యాపించింది. నాటినుండి ఆ క్లబ్బుకు జాతీయోద్యమ గౌరవం అబ్బింది.

ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పుట్టుకలోనే ఒక అవమానం ఉంది. 1920లో జోడాబగాన్ అనే జట్టు మోహన్ బగాన్‌తో ఆడవలసిన పోటీ నుండి తూర్పు బెంగాలుకు చెందిన శైలేశ్ బోస్ అనే ఆటగానిని తొలగించింది. ఆ జట్టు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి కూడ తూర్పు ప్రాంతంవాడే. ఆయన పదవి వదలుకొని, మిత్రులతో కలసి 1920 ఆగస్టు 1న కొత్త క్లబ్బు స్థాపించారు. పేరు వెతకవలసిన అవసరం రాలేదు. తాము వచ్చిన ప్రాంతం పేరే పెట్టుకున్నారు.

కలకత్తావాసులు పశ్చిమ బెంగాలు స్థానికులను 'ఘోటీలు' అని, పద్మానదికి ఆవలి నుండి వచ్చినవారిని 'బాంగాల్‌లు' అని పిలిచేవారు. యాస వేరు, వంట వేరు, పెళ్లి మర్యాదలు వేరు. బాంగాల్ యాసను అనుకరించి నవ్వించుట నగరంలో ఒక వినోదంగా ఉండేది. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష, సంతలో మరొక భాష మాట్లాడుతూ పెరిగే మన సరిహద్దు గ్రామాల పిల్లలకు ఈ సంగతిని ఎక్కువగా వివరించనక్కరలేదు. యాసను బట్టి మనిషిని తూచే అలవాటు ఏ ఊరిలోనైనా ఒక్క తీరుగానే ఉంటుంది.

రెండు జట్లు లీగు పోటీలో తొలిసారి 1925 మే 28న తలపడ్డాయి. నేపాల్ చక్రవర్తి కొట్టిన ఒక్క గోలుతో ఈస్ట్ బెంగాల్ నెగ్గింది. అప్పటికి అది ఊరిలో పై వాడకూ క్రింది వాడకూ మధ్య ఉండే పంతం వంటిదే. 1947లో దేశ విభజన జరిగిన తరువాత దాని బరువు మారింది. తూర్పు పాకిస్తాను నుండి లక్షల సంఖ్యలో కాందిశీకులు కలకత్తా చేరారు. జాదవ్‌పూర్, విజయ్‌గఢ్ వంటి చోట్ల కాలనీలు వెలశాయి. ఇల్లు, పొలం, ఊరి గుడి, చెరువు అన్నీ మరొక దేశంలో ఉండిపోయాయి. పోయిన ఊరి పేరుతో మిగిలిన కొద్దిపాటి వాటిలో ఒకటి ఎరుపు, పసుపు రంగుల చొక్కా తొడిగి ఆడే ఆ పదకొండుగురు. విభజన పాఠం చెప్పునపుడు తరగతిలో పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "వచ్చినవాళ్లు తరువాత ఏమయ్యారు సార్?" పాఠ్యపుస్తకంలో దానికి జవాబు రెండు వాక్యాలకు మించదు. ఆ జవాబులో కొంత భాగం ఫుట్‌బాల్ గ్యాలరీలో దొరుకుతుంది.

ఈ వైరానికి గుర్తులు చేపలు. ఈస్ట్ బెంగాల్ వారిది ఇలిశ్ చేప; మోహన్ బగాన్ వారిది రొయ్య. ఇలిశ్ అనగా మరేదో కాదు, సముద్రంలో ఉన్నంతవరకు మనవారు విలస అని, గోదావరిలోకి ఎదురీదిన తరువాత పులస అని పిలుచుకొనేదే. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత తెలిసిన యానాం పాఠకులకు, ఒక చేప కొరకు ఒక జాతి ఇంతగా తపిస్తుందా అనే అనుమానం రాదు. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజున కలకత్తా బజారులో ఇలిశ్ ధర పెరిగేది. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలకు గిరాకీ. గెలిచినవారు చేపను కర్రకు కట్టి ఊరేగించేవారు. ఓడినవారి ఇంట ఆ రాత్రి పొయ్యి వెలగలేదని ఎదుటివారు చెప్పుకొని నవ్వుకొనేవారు. భర్త ఘోటీ, భార్య బాంగాల్ అయిన ఇళ్లలో పెద్ద మ్యాచి నాటి సాయంత్రం మాటలుండేవి కావట!

ఈ ఇద్దరితోపాటు మూడవ పెద్ద క్లబ్బు 1891లో ఏర్పడిన మహమ్మడన్ స్పోర్టింగ్. 1934 నుండి 1938 వరకు వరుసగా అయిదేళ్లు కలకత్తా లీగు గెలిచి, ఆ లీగు నెగ్గిన తొలి భారతీయ జట్టుగా నిలిచింది. దాని అభిమానుల చరిత్ర వేరే వ్యాసానికి సరిపోయేది.

మైదాన్‌లో ఒక సాయంత్రం

కలకత్తా నడిబొడ్డున ఫోర్ట్ విలియం కోట చుట్టూ ఉన్న విశాలమైన పచ్చిక బయలే మైదాన్. అది సైన్యం అధీనంలోని భూమి కనుక అక్కడ క్లబ్బులు ఇష్టానుసారం పక్కా కట్టడాలు కట్టుకొనే వీలు లేకపోయింది. చెక్క పలకలతో కట్టిన గ్యాలరీలే చాలాకాలం దిక్కు. లీగు పోటీలు ఎండాకాలం చివర మొదలై వర్షాకాలమంతా సాగేవి. బురదలో ఆట, గొడుగుల క్రింద ప్రేక్షకులు. ముందువాడు గొడుగు విప్పితే వెనుకవానికి ఆట కనబడదు. తగవులలో సగం అక్కడే మొదలయ్యేవి.

టిక్కెట్టు దొరకనివారు కోట పక్కనున్న ఎత్తైన గట్టుపైకి ఎక్కేవారు. అక్కడినుండి చూచుట ఉచితం. తలల మీదుగా చూచుటకు అట్ట పెట్టెలో రెండు అద్దాలు అమర్చిన పెరిస్కోపులు వచ్చాయి. మన బడిలో భౌతికశాస్త్ర ప్రయోగంగా పిల్లలతో చేయించే పరికరమే అది. గోలు పడినదీ లేనిదీ కనబడకపోయినా, గ్యాలరీ అరుపును బట్టి గట్టు మీదివారు గ్రహించేవారు. ఇక ఇంటి వద్ద ఉన్నవారికి ఆకాశవాణి. అజయ్ బసు బెంగాలీ వ్యాఖ్యానం వినుటకు టీ దుకాణాల ముందు జనం గుమిగూడేవారు.

పెద్ద మ్యాచికి టిక్కెట్ల వరుస ముందురోజు రాత్రే మొదలయ్యేది. ఆ వరుసను అదుపు చేసేవారు గుర్రాలెక్కిన పోలీసులు. గెలుపు ఖాయమైన వేళ గ్యాలరీలో వార్తాపత్రికలను చుట్టి కాగడాలుగా వెలిగించేవారు. చెక్క గ్యాలరీలో కాగితపు కాగడాలు! ఈనాడు భద్రతాధికారి ఎవరైనా చూస్తే గుండె ఆగిపోయే దృశ్యం. నాటి వారికది దీపావళి.

రాళ్లు రువ్వుట, ట్రాముల అద్దాలు పగులగొట్టుట, ఓడిన జట్టు గుడారంపై దాడి వంటివి కూడ జరిగేవి. ఆ రోజులను తలచుకొనేవారు కొందరు వీటిని తుడిచివేసి అంతా సరదాయే అని చెబుతారు. మరికొందరు కేవలం అల్లరి మూకల చరిత్రగా చిత్రిస్తారు. రెండూ అర్ధసత్యాలే. పెద్ద మ్యాచిలు వందకు పైగా జరిగిన నగరంలో, అధిక భాగం సాయంత్రాలు గొంతు బొంగురుపోవుటతో, చేపల బజారులో బేరంతో ముగిశాయి.

హైదరాబాదు నుండి వెళ్లినవారు

ఈ బెంగాలీ తగవులో మన ప్రాంతపు ఆటగాళ్ల పాత్ర తక్కువైనది కాదు. 1949 నుండి కొన్నేళ్లు ఈస్ట్ బెంగాల్ ముందు వరుసలో ఆడిన అయిదుగురిని అభిమానులు 'పంచపాండవులు' అన్నారు. వారు అహ్మద్ ఖాన్, అప్పారావు, ధనరాజ్, సాలే, వెంకటేశ్. అందరూ దక్షిణాది వారే. తూర్పు బెంగాలు నుండి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకుడు, తన భాష తెలియని అప్పారావు, వెంకటేశ్‌ల కొరకు గొంతు చించుకొనేవాడు. స్థానికతపై నిలిచిన అభిమానం స్థానికులు కాని ఆటగాళ్లతో నడచుట ఈ కథలో నాకెంతో ఇష్టమైన వింత.

అదే కాలంలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం, స్వయంగా ఉపాధ్యాయవృత్తిలో ఉండినవారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకాలు సాధించి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానంలో నిలిచింది. సికింద్రాబాదు సమీపాన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్ చేరి బెంగాలులోనే స్థిరపడ్డారు. 2023 ఫిబ్రవరి 16న ఆయన అక్కడే కన్నుమూశారు.

హైదరాబాదీయుడైన మహమ్మద్ హబీబ్ మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. ఒక ఏడు దేవుడు, మరుసటి ఏడు ద్రోహి, ఆపై ఏడు మళ్లీ దేవుడు. 1977 సెప్టెంబరు 24న పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో 2-2గా ముగించినపుడు, మోహన్ బగాన్ గోళ్లలో ఒకటి హబీబ్‌దే. ఆయన తమ్ముడు అక్బర్ 1976 లీగు పోటీలో ఆట మొదలైన 17 సెకన్లకే ఈస్ట్ బెంగాల్‌పై గోలు చేశారు. గ్యాలరీలో సర్దుకొని నిలబడేలోపే పడిన ఆ గోలును చూడలేకపోయినవారే ఎక్కువ. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో మరణించారు.

డెబ్బయిల దశకం

1970 నుండి 1975 వరకు ఈస్ట్ బెంగాల్ వరుసగా ఆరుసార్లు లీగు గెలిచింది. 1975 సెప్టెంబరు 30న షీల్డు ఫైనల్లో మోహన్ బగాన్‌ను 5-0తో చిత్తు చేసింది. ఆ రాత్రి అభిమానుల ఆగ్రహానికి భయపడి మోహన్ బగాన్ ఆటగాళ్లు కొందరు గంగానదిపై పడవలో తలదాచుకున్నారన్న కథ నేటికీ చెప్పుకుంటారు. ఓటమి భరించలేక ఒక యువ అభిమాని ప్రాణం తీసుకున్నాడు. మరుజన్మలో మోహన్ బగాన్ ఆటగానిగా పుట్టి పగ తీర్చుకోవాలన్నది అతని చివరి కోరిక.

ఆ దశకపు కలకత్తాను కూడ గుర్తుంచుకోవలసి ఉంది. మూతబడుతున్న కర్మాగారాలు, నిరుద్యోగం, నక్సలైటు ఉద్యమం, దానిపై అణచివేత, 1971లో మరల వచ్చిన శరణార్థులు. పని లేని యువకునికి వారమంతా ఎదురుచూడదగిన సంఘటన ఒకటే. ఆ ఎదురుచూపు ఎంత బిగువుగా ఉండేదో ఊహించవచ్చు.

1980 ప్రారంభంలో ఈస్ట్ బెంగాల్ ప్రధాన ఆటగాళ్లు అనేకులు ఒక్కసారిగా మహమ్మడన్ స్పోర్టింగ్‌కు మారిపోయారు. మిగిలిన జట్టు పనికిరాదని ఎగతాళి మొదలైంది. అప్పుడు ఈస్ట్ బెంగాల్ మాజిద్ బిష్కర్, జంషీద్ నసీరి అనే ఇరాన్ యువకులను తెచ్చుకొన్నది. వీరితో జట్టు లేచి నిలబడి, ఆ ఏడు ఫెడరేషన్ కప్పును మోహన్ బగాన్‌తో పంచుకొన్నది. తేల్చుకోవలసిన లెక్క మిగిలిపోయిందని ఇరుపక్షాలూ భావించాయి. ఆగస్టులో లీగు మ్యాచి వచ్చింది.

1980 ఆగస్టు 16

మ్యాచిని ఈడెన్ గార్డెన్స్‌లో నిర్వహించారు. అది ప్రధానంగా క్రికెట్టు మైదానం. ప్రేక్షకులు అధికంగా వస్తారు కనుక పెద్ద ఫుట్‌బాల్ పోటీలను అక్కడికి మార్చేవారు. మైదాన్‌లోని క్లబ్బు గ్రౌండులలో సభ్యులు తమ తమ వైపునే కూర్చొనే ఆనవాయితీ ఉండేది. ఈడెన్‌లో రంజీ స్టేడియం అని పిలిచే భాగంలో ఆ రోజు రెండు జట్ల అభిమానులు కలసిపోయి ఉన్నారు. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో టిక్కెట్టే నిర్ణయించింది; టిక్కెట్టుకు రంగు లేదు.

ఆటలో ఈస్ట్ బెంగాల్ రక్షక ఆటగాడు దిలీప్ పాలిత్, మోహన్ బగాన్ వింగర్ బిదేశ్ బోస్‌ను మొరటుగా అడ్డుకున్నాడు. బిదేశ్ తిరుగబడ్డాడు. రెఫరీ సుధీన్ చటర్జీ ఇద్దరినీ బయటకు పంపారు. ఫుట్‌బాల్‌లో ఇటువంటి ఘటన అరుదేమీ కాదు. ఇద్దరికీ సమానంగా శిక్ష పడింది కూడ. అయినా రంజీ స్టేడియంలో పక్కపక్కన ఉన్నవారి మధ్య మాటలు ముదిరి చేతుల వరకు వచ్చాయి. ఇటుక ముక్కలు, రాళ్లు లేచాయి. పై వరుసల నుండి రాళ్లు పడుతుంటే క్రింది వరుసలవారు పరుగు తీశారు. పరుగు తీసినవారికి ఎదురుగా ఉన్నది మెట్లు, వాటి చివర దారి. పడినవారిపై మరొకరు పడ్డారు. కొందరు ఎత్తు నుండి దూకారు. 16 మంది చనిపోయారు.

మైదానంలోని ఆటగాళ్లకు జరిగినదాని తీవ్రత వెంటనే తెలియలేదు. గ్యాలరీలో గొడవ వారికి రోజూ వినబడేదే. ఆటకు వెళ్లిన కొడుకు రాత్రికి ఇల్లు చేరకపోవుటతో కుటుంబాలు ఆసుపత్రులకు బయలుదేరాయి. పోయినవారిలో రెండు రంగులవారూ ఉన్నారు. ఆ ఏటి లీగు పోటీలు పూర్తికాలేదు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పుట అవసరం. ఆనాటి తప్పు రాయి విసిరినవానిదా? అవును, వానిదే. అయితే రాయి విసిరినవాని కోపం అంతకు ముందు అయిదేళ్ల క్రితం 5-0 నాడు కూడ ఉంది. అరవై ఏళ్ల వైరంలో ఒక్కనాడు 16 మంది పోయారంటే, ఆ నాటి ఏర్పాటులో ఏమి తేడా ఉన్నదని అడగాలి. బద్ధవిరోధులను ఒకే మెట్లపై కలిపి కూర్చోబెట్టారు. వారిని విడదీయగల పోలీసు బలగం ఆ భాగంలో లేకపోయింది. పారిపోవలసి వస్తే ఎటు పోవాలో ఆలోచించినవారు లేరు. కోపాన్ని శిక్షించుట న్యాయస్థానం పని. కోపం వస్తుందని ముందే తెలిసి దారులు ఏర్పాటు చేయుట నిర్వాహకుల పని.

బ్రిటన్‌లో మెట్ల కథ

ఈ మాట రుజువు కావాలంటే ఫుట్‌బాల్ పుట్టిన బ్రిటన్ వైపు చూడవచ్చు. అక్కడి టెర్రస్‌లు తొలుత బొగ్గు బూడిద, మట్టి పోసిన దిబ్బలు. తరువాత కాంక్రీటు మెట్లు వచ్చాయి. గోలు పడినపుడు జనమంతా ఒక అలవలె క్రిందికి జారి మళ్లీ వెనుకకు పోయేవారు. లివర్‌పూల్ నగరంలోని ఆన్‌ఫీల్డ్ మైదానంలో ఒక దిబ్బకు, 1900లో బోయర్ యుద్ధం జరిగిన కొండ పేరు మీద 'కాప్' అని పేరు పెట్టారు.

గ్లాస్గో నగరంలో రేంజర్స్ ప్రొటెస్టెంట్ల జట్టుగా, సెల్టిక్ కాథలిక్కుల జట్టుగా పేరుపడ్డాయి. సెల్టిక్ వెనుక ఐర్లండు నుండి వలస వచ్చినవారు ఉన్నారు. ఘోటీ, బాంగాల్ తగవుకు ఇంతకంటె దగ్గరి పోలిక మరొకటి లేదు. ఆ రెండు జట్ల మ్యాచి ముగిసిన వేళ 1971 జనవరి 2న ఐబ్రాక్స్ మైదానంలో 66 మంది మరణించారు. అభిమానులు కొట్టుకొని కాదు. బయటకు దిగే 13వ నంబరు మెట్ల దారిలో జనం ఒకరిపై ఒకరు పడి. అదే మెట్లపై అంతకు ముందు కూడ ప్రమాదాలు జరిగాయి. ఆ తరువాతే, 1975లో, క్రీడాస్థలాల భద్రతకు చట్టం వచ్చింది.

అభిమానుల దౌర్జన్యమే ప్రత్యక్ష కారణమైన ఘటనకు ఉదాహరణ 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హెయ్‌జెల్ మైదానం. లివర్‌పూల్, యువెంటస్ జట్ల మధ్య యూరోపియన్ కప్పు ఫైనల్‌కు ముందు లివర్‌పూల్ అభిమానులు పక్క భాగంపైకి దూసుకెళ్లారు. రెండు భాగాల నడుమ ఉన్నది పలుచని తీగ కంచె. భయంతో ఒక మూలకు నెట్టుకుపోయినవారిపై శిథిలమైన గోడ కూలింది. 39 మంది చనిపోయారు. వారిలో అధికులు ఇటలీవారు. ఇంగ్లండు క్లబ్బులను యూరపు పోటీల నుండి అయిదేళ్లు బహిష్కరించారు. అది తగిన శిక్షే.

కాని అప్పటికే ఇంగ్లండులో మరొక పొరపాటు పాతుకుపోయింది. అభిమాని అంటే రౌడీ అనే భావంతో టెర్రస్‌ల ముందు ఎత్తైన ఇనుప కంచెలు నాటి, జనాన్ని దొడ్లలో పశువులవలె విభజించారు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డు నగరంలోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మ్యాచినాడు బయట రద్దీ పెరుగగా పోలీసులు ఒక గేటు తెరిపించారు. లోపలికి వచ్చినవారు ఎదురుగా కనబడిన సొరంగ మార్గం గుండా అప్పటికే నిండిపోయిన మధ్య భాగాలలోకి వెళ్లారు. ముందు కంచె, వెనుక జనం. ఊపిరాడక నలిగినవారి సంఖ్య చివరకు 97కు చేరింది. 97వ వ్యక్తి గాయాల ఫలితంగా 2021లో మరణించాడు. అభిమానులే గేటు విరుచుకొని వచ్చారని పోలీసులు తొలిరోజే అబద్ధం చెప్పారు. కుటుంబాలు 27 సంవత్సరాలు పోరాడిన తరువాత 2016లో విచారణ జ్యూరీ, ఆ మరణాలు చట్టవిరుద్ధంగా సంభవించిన హత్యలని, అభిమానుల తప్పేమీ లేదని తేల్చింది.

కలకత్తాలో కలిపి కూర్చోబెట్టుట వలన, షెఫీల్డులో కంచె వేసి బంధించుట వలన ప్రాణాలు పోయాయి. ఒకచోట భయాన్ని పట్టించుకోలేదు, మరొకచోట భయం తప్ప మరేమీ పట్టించుకోలేదు. రెండు చోట్లా మరచినది ఒక్కటే: లోనికి వచ్చిన మనిషి బయటకు పోవు దారి. ఫుట్‌బాల్ కాకపోయినా, 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల వద్ద క్రికెట్టు విజయోత్సవంలో 11 మంది తొక్కిసలాటలో మరణించిన సంగతి కర్ణాటక పాఠకులకు ఇంకా పచ్చిగానే ఉంది. అక్కడ రెండవ జట్టే లేదు, వైరమూ లేదు.

బ్రిటన్‌లో 1990 నాటి టేలర్ నివేదిక తరువాత పై శ్రేణి మైదానాలలో నిలబడే మెట్లను తొలగించి కుర్చీలు వేశారు. టిక్కెట్టు ధర పెరిగి పేదవాడు గ్యాలరీకి దూరమయ్యాడన్న ఫిర్యాదు అక్కడ బలంగా ఉంది. 2022 నుండి రక్షణ కమ్మీలు అమర్చిన చోట నిలబడి చూచుటకు మళ్లీ అనుమతించారు.

తరువాతి కాలం

1984లో కలకత్తా తూర్పున సాల్ట్ లేక్‌లో లక్షకు పైగా జనం పట్టే స్టేడియం ప్రారంభమైంది. పెద్ద మ్యాచిలు క్రమంగా అక్కడికి తరలాయి. 1997 జూలై 13న ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్‌కు 1,31,000 మందికి పైగా వచ్చారు. బైచుంగ్ భూటియా మూడు గోళ్లతో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. అంతటి జనసముద్రం ఆ రాత్రి క్షేమంగా ఇల్లు చేరింది. ఈనాడు ఆ స్టేడియంలో కుర్చీలు వేసి సామర్థ్యం బాగా తగ్గించారు. రెండు జట్ల అభిమానులకు వేర్వేరు గేట్లు, వేర్వేరు గ్యాలరీలు.

గొడవలు పూర్తిగా అంతరించలేదు. 2012 డిసెంబరు 9న గ్యాలరీ నుండి వచ్చిన రాయి తగిలి మోహన్ బగాన్ ఆటగాడు రహీం నబీ గాయపడ్డాడు. ఆ జట్టు రెండవ అర్ధభాగం ఆడుటకు నిరాకరించి శిక్షకు గురైంది.

ఏటా ఆగస్టు 16ను బెంగాల్ ఫుట్‌బాల్ సంఘం ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటిస్తూ రక్తదాన శిబిరాలు నిర్వహిస్తున్నది. 2021 నుండి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం అదే తేదీని 'ఖేలా హొబే' దినంగా ప్రకటించింది. మరణించినవారి తేదీని రాజకీయ నినాదంతో ముడిపెట్టుటపై విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో న్యాయముందని తలుస్తాను.

2024 ఆగస్టులో ఆర్.జి. కర్ ఆసుపత్రిలో వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య నగరాన్ని కుదిపివేశాయి. ఆగస్టు 18న జరుగవలసిన డ్యూరాండ్ కప్పు పెద్ద మ్యాచిని భద్రతా కారణాలు చూపి రద్దు చేశారు. మ్యాచి లేకపోయినా అభిమానులు సాల్ట్ లేక్ స్టేడియం వద్దకు వచ్చారు. ఎరుపు, పసుపు చొక్కాలు, ఆకుపచ్చ, మెరూను చొక్కాలు, మహమ్మడన్ వారి నలుపు, తెలుపు చొక్కాలు ఒకే రోడ్డుపై నిలిచి ఆమెకు న్యాయం కావాలని నినదించాయి. పోలీసులు లాఠీలు ఝళిపించారు. మోహన్ బగాన్ అభిమాని ఒకడు ఈస్ట్ బెంగాల్ అభిమానిని భుజాలపై ఎత్తుకున్న ఛాయాచిత్రం దేశమంతటా పత్రికలలో వచ్చింది.

రెండు నెలల తరువాత, 2024 అక్టోబరు 19న, ఇండియన్ సూపర్ లీగులో అవే జట్లు అదే స్టేడియంలో తలపడ్డాయి. మోహన్ బగాన్ 2-0తో గెలిచింది. అభిమానులు ఎప్పటివలెనే వేర్వేరు గేట్ల గుండా వెళ్లి, ఎవరి గ్యాలరీలో వారు కూర్చున్నారు.